షుగర్ ఉన్న పిల్లికి తిండి మార్చే ముందు

భీమవరం వైపు పిల్లికి చేపముక్క కలిపిన అన్నం పెట్టడం మామూలే, మా ఇంట్లోనూ అంతే. షుగర్ తేలాక అన్నం మాన్పిద్దామనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

– పశువుల డాక్టర్‌కి చెప్పకుండా మార్చొద్దు. పిండిపదార్థం తగ్గితే షుగర్ దిగుతుంది, పాత డోసు ఇన్సులిన్ అలాగే వేస్తూ పోతే మరీ పడిపోతుంది, అసలు టెన్షన్ ఇదే. అలాగని ఇన్సులిన్ మీరే ఆపేయకండి.

– గ్లూకోమీటర్ దగ్గరుండాలి. చెవి అంచున చిన్న రక్తపు చుక్క చాలు. 60 కంటే తక్కువ చూపిస్తే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

– షుగర్ మరీ పడిపోయి పిల్లి తూలుతూ నడిస్తే చిగుళ్లకు తేనె రాసి ఆసుపత్రికి పరిగెత్తండి.

– మార్పు వారం పది రోజుల్లో, కొంచెం కొంచెంగా. కొత్తది ముట్టలేదని పస్తు పెట్టకండి, పిల్లులకి లివర్ దెబ్బతింటుంది.

– చేప ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి పెట్టండి, అదొక్కటే పూర్తి తిండి కాదు. పులస మాత్రం మీరే తినండి!