బోటు ఇంజిన్ స్పేర్లు ఆన్‌లైన్‌లో కొన్నారా? వచ్చిన రోజే డబ్బా విప్పండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు పక్కపక్కన ఆగి ఉంటాయి, సగం బోట్లలో ఇంజిన్లు విప్పి ఉంటాయి. ఏడాది పొడవునా వాయిదా వేసిన రిపేర్లన్నీ అప్పుడే. స్పేర్లు కొనేదీ అప్పుడే. పాత ఇంజిన్లకి కావాల్సిన సామాను ఒక్కోసారి ఆటోనగర్ అంతా తిరిగినా దొరకదు, ఫోన్‌లో మాత్రం రెండు నిమిషాల్లో దొరుకుతుంది. అందుకని ఆన్‌లైన్‌లో కొనొద్దని నేను చెప్పను. మా బావ బోటుకి నేనే ఆర్డర్లు పెడతాను.

మనం దెబ్బతినేది ఎక్కడంటే, ఏప్రిల్‌లో రేటు తక్కువుందని కొనేస్తాం. మేస్త్రి చేతిలో అప్పటికే నాలుగు బోట్లు ఉంటాయి, మన వంతు మే నెలాఖరుకి గానీ రాదు. అందాకా డబ్బా సీలు విప్పకుండా అటక మీద ఉంటుంది. రిటర్న్ గడువు చూస్తే చాలా సామాన్లకి వారం, పది రోజులే. మేస్త్రి విప్పి "ఇది డూప్లికేట్ బాబూ" అనేసరికి వెనక్కి పంపే దారి ఉండదు. జూన్ 14 దగ్గరపడుతోందన్న టెన్షన్‌లో ఆ సరుకే బిగించేస్తాం. కాబట్టి డబ్బా వచ్చిన రోజే విప్పాలి. విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తియ్యాలి, పైనున్న లేబుల్ కూడా అందులో కనిపించాలి. సామాను నచ్చిందని తేల్చుకునేదాకా దానికి నూనె గానీ గ్రీజు గానీ అంటనివ్వకండి. మరకపడితే వాడినదని చెప్పి వెనక్కి తీసుకోరు.

మాకు పాఠం నేర్పింది సముద్రపు నీటి పంపులో ఉండే రబ్బరు ఇంపెల్లర్. సముద్రం నీళ్లని లాగి ఇంజిన్‌ని చల్లబరిచేది అదే. రెండేళ్ల కిందట సగం ధరకి వచ్చిందని ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. నిషేధం అయ్యాక మొదటి వేటలోనే, మూడో రోజున టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటింది. పంపు విప్పితే ఆరు రెక్కల్లో రెండు లేవు. ఆ ముక్కలు వెళ్లి కూలర్ గొట్టాల్లో ఇరుక్కున్నాయి. ఇంకో బోటు వాళ్లు వేట ఆపుకుని, తాడు కట్టి లాక్కొచ్చారు. వాళ్ల డీజిల్, మా ఐసు, కలాసీల బత్తా లెక్కేస్తే, నేను మిగిల్చిన డబ్బు టీ ఖర్చుకి కూడా చాలదు. మేస్త్రి ఆ మిగిలిన ముక్కని వేళ్లతో నలిపి, "ఇది రబ్బరేటి బాబూ, అరిగిపోయిన చెప్పు అట్టలా ఉంది" అన్నాడు.

ఇప్పుడు ఇంపెల్లర్ చేతికి రాగానే ఒక్కో రెక్కనీ బొటనవేలితో పూర్తిగా వంచి వదులుతాను. మంచిదైతే వెంటనే నిటారుగా లేస్తుంది. నాసిరకం బద్ధకంగా లేస్తుంది, మడత పడిన చోట సన్నని తెల్లగీత కనిపిస్తుంది, వేలికి నల్లగా అంటుతుంది. మధ్యలో ఉన్న ఇత్తడి బుష్షుకీ రబ్బరుకీ మధ్య గోరు దూరితే అది పనికిరాదు. తయారైన నెల, సంవత్సరం కూడా చూడండి. కంపెనీ సరుకైనా గోడౌన్‌లో ఏళ్ల తరబడి ఉంటే రబ్బరు గట్టిపడిపోతుంది.

బేరింగ్ షెల్స్ అంటే తిరిగే క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ పట్టుకునే సగం గుండ్రని రేకులు. వాటి వెనక కంపెనీ గుర్తు, సైజు కొట్టి ఉంటాయి. అచ్చు లోతుగా, అంచులు పదునుగా ఉండాలి. అసలు పరీక్ష వేరే ఉంది. షెల్‌ని కనెక్టింగ్ రాడ్‌లో (పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే రాడ్) వేలితో నొక్కి, రాడ్‌ని తలకిందులు చెయ్యండి. కొత్త షెల్ కొంచెం విచ్చుకుని ఉంటుంది కాబట్టి పట్టుకుని అక్కడే ఉండాలి. వదులుగా జారి కింద పడిందంటే వద్దు. సెట్‌లోని షెల్స్ అన్నింటినీ మైక్రోమీటర్‌తో మధ్యభాగంలో కొలవండి. ఒకటి మందంగా, ఒకటి పల్చగా వచ్చిందంటే ఆ సెట్ మీద పేరు ఏముంటే ఏం లాభం? మైక్రోమీటర్ లేకపోతే లేత్ షాపులో అడిగితే కొలిచిపెడతారు.

పిస్టన్ రింగుల విషయంలో డబ్బా అందాన్ని చూసి నేను కూడా మోసపోయాను. ఇప్పుడు ఒక్క రింగుని శుభ్రంగా తుడిచిన లైనర్‌లో (పిస్టన్ ఆడే గొట్టం) పెట్టి, పిస్టన్‌తో సమంగా లోపలికి నెట్టి, కొసల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూస్తాను. బోరు, అంటే లైనర్ లోపలి వెడల్పు, 100 మి.మీ. ఉంటే సందు ఇంచుమించు 0.3 నుంచి 0.4 మి.మీ. రావాలి. మీ ఇంజిన్ మాన్యువల్‌లో అంకె ఇచ్చి ఉంటే అదే లెక్క. తర్వాత కింది నుంచి టార్చి వేసి పైనుంచి చూడండి. కొసల దగ్గర తప్ప చుట్టూ ఎక్కడా వెలుగు రాకూడదు. వెలుగు వచ్చిన చోటల్లా రేపు ఆయిల్ పైకి వస్తుంది, పొగ గొట్టంలోంచి నీలంగా పోతుంది.

ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లని వదిలే థర్మోస్టాట్‌కైతే మేస్త్రి అక్కర్లేదు. ఒక గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో అడుగుకి తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టౌ వెలిగించండి. దాని మీద 82 (డిగ్రీల సెల్సియస్) అని ఉంటే ఆ దరిదాపుల్లో తెరుచుకోవడం మొదలవ్వాలి. మరిగినా తెరుచుకోకపోతే వెనక్కి పంపండి. గిన్నె మాత్రం వంటగదిలోది వాడకండి, మా ఇంట్లో అదొక పెద్ద గొడవైంది.

ఫిల్టర్లు మూడు కొంటే ఒకటి కోసి చూడటమే మేలు. లోపలి కాగితం మడతలు దగ్గరగా, సమంగా ఉన్నాయా, అంచుల్లో గమ్ పూర్తిగా పట్టిందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ నాజిల్స్, డీజిల్‌ని ఒత్తిడితో నెట్టే పంపు ఎలిమెంట్లు మాత్రం ఆన్‌లైన్‌లో నేను కొనను. వాటి తేడా మైక్రాన్లలో ఉంటుంది, మన కంటికీ గేజ్‌కీ అందదు. డీలర్ దగ్గర బిల్లుతో తీసుకుని, పంపు షాపులో టెస్ట్ పెట్టించి తెచ్చుకోవడమే.

ఆర్డర్ పెట్టేముందు ఇంజిన్ మీది నంబర్ ప్లేటు ఫొటో తీసుకోండి, పార్టు నంబర్ అక్షరం అక్షరం సరిచూడండి. ఫొటోలో కనిపించే కంపెనీ పేరు కాదు, అమ్మేది ఎవరన్నది చదవండి. అమ్మకందారు వివరాలు, సరుకు ఏ దేశంలో తయారైందీ చూపించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. బిల్లు మీది 15 అక్షరాల జీఎస్టీ నంబర్‌ని జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఆ వ్యాపారి పేరు వస్తుంది. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, మన ఆంధ్రాకి 37. బయటి రాష్ట్రం నంబరైతే మోసమని కాదు, బిల్లు మీది పేరూ పోర్టల్‌లోని పేరూ ఒకటి కాకపోతేనే అనుమానించాలి. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారీదారు చిరునామా, నెల, సంవత్సరం లేకుండా ఒట్టి పాలిథిన్ కవర్లో వస్తే ఇంకేం చూడక్కర్లేదు.

క్యూఆర్ కోడ్ ఉందని ధీమా పడకండి. కోడ్ కూడా అచ్చు వేసుకోవచ్చు. స్కాన్ చేశాక తెరుచుకున్న పేజీ అడ్రస్ కంపెనీదేనా కాదా అన్నది చదవాలి. గీకితే వచ్చే కోడ్‌ని కొట్టినప్పుడు "ఇప్పటికే వాడారు" అని వచ్చిందంటే ఆ డబ్బా సంగతి తేలిపోయినట్టే. ఎస్‌కేఎఫ్ కంపెనీ బాల్ బేరింగులకైతే వాళ్ల ఆథెంటికేట్ యాప్ ఉంది, ఫొటోలు పంపితే వాళ్లే చూసి చెబుతారు.

అమ్మినవాడు మొండికేస్తే ముందు ఆ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. వీడియో, బిల్లు దగ్గరుంటే మాటకి బలం ఉంటుంది.

బిగించాక జూన్ 14 కోసం ఆగకుండా, కనీసం వారం ముందే జెట్టీకి కట్టిన బోటులోనే ఇంజిన్‌ని నాలుగైదు గంటలు తిప్పండి. పావుగంటకోసారి ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ కాగితం మీద రాయండి, బయటికి పోయే నీటి ధార సన్నబడుతోందేమో చూస్తుండండి. తీసేసిన పాత ఇంపెల్లర్ ఇంకా బాగుంటే పారేయకుండా కవర్లో చుట్టి ఇంజిన్ గదిలో పెట్టండి. మా బావ రెండు పెడుతున్నాడు, దాన్ని విప్పే స్పానర్ కూడా ఆ కవర్లోనే.