సివిలైజేషన్ 6లో ఎందుకు వెనకబడిపోతున్నాం? సమస్య - పరిష్కారం

మా గుంటూరు బావ వాళ్లకి ప్రత్తిపాడు వైపు మిరప చేను ఉంది. మొక్క వాడిపోతే ఊళ్లో అందరూ ఏ మందు కొట్టాలా అని చూస్తారు. మామయ్య మాత్రం ముందు "నారు ఎక్కడ తెచ్చారు?" అని అడుగుతాడు. ఊళ్లు వేసి రాజ్యం పెంచుకుంటూ వంతులవారీగా (టర్న్‌లుగా) ఆడే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 6లో ఓడిపోయిన ప్రతిసారీ నాకు ఆ ప్రశ్నే పనికొచ్చింది. నూట యాభయ్యో టర్న్‌లో పక్కవాడు తుపాకులతో వస్తుంటాడు, మనం ఇంకా విల్లంబులు పట్టుకుని నిలబడి ఉంటాం. అప్పుడు ఏ మందు కొట్టినా లాభం లేదు. తప్పు మొదటి యాభై టర్న్‌లలోనే జరిగిపోయి ఉంటుంది. దాని ఫలితం మనకి వంద టర్న్‌ల తర్వాత కనిపిస్తుంది.

2016లో వచ్చిన ఈ ఆటని నేనూ బావా ఆదివారాలు విజయవాడ పటమటలోని మా గదిలో ఆడతాం. ఉన్నది ఒక్క ల్యాప్‌టాప్ కాబట్టి హాట్‌సీట్ పెట్టుకుంటాం. వాడి టర్న్ అయ్యాక నా వైపు తిప్పుతాడు, నాది అయ్యాక నేను వాడి వైపు తిప్పుతాను. కింద రాసినవన్నీ మా ఇద్దరి తప్పులే. అంకెలు స్టాండర్డ్ స్పీడ్‌వి. రైజ్ అండ్ ఫాల్, గ్యాదరింగ్ స్టార్మ్ అనే రెండు విస్తరణలూ ఉన్న ఆటను దృష్టిలో పెట్టుకుని రాశాను.

వందో టర్న్‌కి నాకు మూడు ఊళ్లు, పక్కవాడికి ఎనిమిది

ఎక్కువమందికి ఉండే జబ్బు ఇదే. మిగతా వాటిలో సగం దీని నుంచే పుడతాయి.

కారణం చాలాసార్లు వండర్ల (ప్రపంచంలో ఒక్కరే కట్టగల అద్భుత కట్టడాల) మీద మోజు. స్టోన్‌హెంజ్ కట్టడానికి 180 ప్రొడక్షన్ (ఊరి శ్రమ) పడుతుంది. కొత్త ఊరు వేసే సెట్లర్లలో మొదటివాడికి 80. తర్వాతి సెట్లర్ల ఖరీదు పెరుగుతూ పోయినా, ఒక్క స్టోన్‌హెంజ్ శ్రమతో దాదాపు రెండు ఊళ్లు లేస్తాయి. నాకు ఈ లెక్క తెలిసీ మూడు ఆటలు ఆగలేదు. ఇంకో నాలుగు టర్న్‌లలో పూర్తవుతుందనగా ఎవడో దూరదేశం వాడు ముందే కట్టేశాడని కబురు వచ్చేది. బావ నవ్వు ఆపడం కష్టమయ్యేది.

రెండో కారణం, ఊళ్లను దూరం దూరంగా వేయడం. ఒక్కో ఊరికి చుట్టూ మూడు గడుల దాకా నేల కావాలి కదా అని పూర్తిగా వదిలేసి వేస్తాం. కానీ మొదటి వంద టర్న్‌లలో ఏ ఊరూ అన్ని గడులను వాడుకునేంత పెద్దది కాదు. రెండు ఊళ్ల మధ్య మూడు గడులు ఉంటే ఆట ఒప్పుకుంటుంది. నాలుగైదు గడుల లోపే వేసుకుంటూ పోండి. ఇళ్లు ఇరుగ్గా ఉన్నా వన్ టౌన్‌లో వ్యాపారం ఆగిందా!

మొదట ఏం కట్టాలంటే: ఒక స్కౌట్ (దారులు వెతికేవాడు), ఒక స్లింగర్ (వడిసెల సైనికుడు), తర్వాత సెట్లర్. ఊరి జనాభా రెండైతేనే సెట్లర్ తయారవుతాడు, తయారయ్యాక ఒక మనిషి తగ్గుతాడు. అందుకే రాజధానిలో తిండి గడుల మీద కాస్త ముందే కన్నేసి ఉంచాలి. ఎర్లీ ఎంపైర్ సివిక్ (కల్చర్‌తో నేర్చుకునే పాలనా విద్య) రాగానే కాలనైజేషన్ అనే పాలసీ కార్డు పెట్టండి, సెట్లర్ల తయారీకి 50 శాతం అదనపు ప్రొడక్షన్ వస్తుంది. ఆ సివిక్ త్వరగా రావాలంటే రాజ్యం మొత్తం జనాభా ఆరుకి చేరాలి, అదే దాని ఇన్‌స్పిరేషన్. కార్డు వచ్చాక ఒకేసారి రెండు మూడు సెట్లర్లు తీసి, పని అయ్యాక కార్డు మార్చేయండి. కొత్త సివిక్ పూర్తయిన టర్న్‌లో కార్డులు మార్చుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఆటగాళ్లు మామూలుగా చెప్పుకునే గురి, వందో టర్న్‌కి పది ఊళ్లు. నాకు ఎనిమిది దాటితే చాలు, ఆ ఆట మీద ధైర్యం వస్తుంది.

బార్బేరియన్లు కుదురుగా ఉండనివ్వడం లేదు

ఏ రాజ్యానికీ చెందని ఈ దోపిడీగాళ్లు ఊరికే రారు. ముందు ఒక స్కౌట్ వస్తాడు. మీ ఊరిని చూశాక వాడి తల మీద ఆశ్చర్యార్థకం గుర్తు కనిపిస్తుంది. ఇక వాడు తన శిబిరానికి తిరిగి పరిగెత్తుతాడు, వాడు చేరగానే దండు బయల్దేరుతుంది. దగ్గర్లో గుర్రాలు ఉంటే గుర్రాల దండే వస్తుంది. మేమిద్దరం చాలా కాలం ఆ గుర్తుని పట్టించుకోలేదు.

కాబట్టి మొదటి వారియర్‌ని దేశాటనకి పంపేయకుండా ఊరి దగ్గర తిప్పండి. స్కౌట్‌ని తిరిగి వెళ్లకముందే చంపాలి, లేదా కనీసం దారి మూసేయాలి. ఆ చివరి దెబ్బ స్లింగర్‌తో కొట్టిస్తే ఆర్చరీ టెక్నాలజీకి యురేకా (నేర్చుకునే పనిలో కొంత తగ్గించే బహుమతి) కూడా వస్తుంది. ముగ్గురు బార్బేరియన్లను చంపితే బ్రాంజ్ వర్కింగ్‌కి యురేకా. డిసిప్లిన్ కార్డు ఉంటే వీళ్ల మీద యుద్ధబలం 5 పెరుగుతుంది.

ఇంకో చిన్న కిటుకు. శిబిరాలు ఎవరికీ కనిపించని చీకటి నేల మీదే పుడతాయి. మీ సరిహద్దు బయట ఒక గుట్ట గడి మీద పాత వారియర్‌ని కూర్చోబెడితే, వాడి చూపు పడినంత మేర శిబిరం పుట్టదు.

ఊరు పెరగడం ఆగిపోయింది

తిండి ఉంది, జనాభా మాత్రం కదలడం లేదంటే ముందు హౌసింగ్ (ఊళ్లో ఎంతమందికి చోటుందో) చూడండి. నది లాంటి మంచినీటి పక్కన వేసిన ఊరికి 5 హౌసింగ్, సముద్రం ఒడ్డున వేస్తే 3, ఏ నీళ్లూ లేని చోట 2. జనాభాకి, హౌసింగ్‌కి మధ్య తేడా ఒకటికి వచ్చేసరికే ఎదుగుదల సగానికి పడిపోతుంది, సమానమైతే పావు వంతే మిగులుతుంది. కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్లకి నది పక్కన ఊరు వేయమని ప్రత్యేకంగా చెప్పాలా అనుకునేవాణ్ని. బావ మాత్రం వెండి గని కనిపించిందని ఎడారి మధ్యలో వేసి కూర్చున్నాడు. అలాంటి చోట గ్రానరీ (ధాన్యపు కొట్టు) కడితే 2 హౌసింగ్ వస్తుంది. తర్వాత అక్విడక్ట్ (నీటి కాలువ) వేసుకోవాలి. అది ఊరికి ఆనుకుని ఉండాలి, నదికో కొండకో కూడా ఆనుకోవాలి. పొలాలు ఒక్కోటి అర హౌసింగ్ ఇస్తాయి, కాబట్టి బిల్డర్‌ని ఖాళీగా ఉంచొద్దు.

హౌసింగ్ బాగానే ఉండి జనం ముఖం మాడ్చుకుంటే ఎమెనిటీలు (జనాన్ని సంతోషపెట్టే సౌకర్యాలు) తక్కువ అని. సుమారుగా ఇద్దరు జనాభాకి ఒకటి కావాలి. ఒక రకం లగ్జరీ వస్తువు నాలుగు ఊళ్ల దాకా ఒక్కో ఎమెనిటీ ఇస్తుంది. అదే వస్తువు మీ దగ్గర మూడు చోట్ల ఉన్నా లాభం ఒకదానిదే. మిగిలిన రెండింటినీ పక్క రాజులకి ఇచ్చి మీ దగ్గర లేనివి తీసుకోండి. ఎమెనిటీలు తక్కువైన ప్రతిసారీ ముందు ఈ బేరం సంగతే చూడాలి.

సైన్స్ లేవడం లేదు

దీనికి మూడు కారణాలు ఉంటాయి. ఊళ్లు తక్కువ కావడం, దాని సంగతి పైన అయిపోయింది. సైన్స్ ఇచ్చే డిస్ట్రిక్ట్ (ఊరి ప్రత్యేక పేట) అయిన క్యాంపస్‌ని ఎక్కడ పడితే అక్కడ వేయడం. యురేకాలు వదిలేయడం.

క్యాంపస్ పక్కన ఒక్కో కొండకి ఒక సైన్స్ వస్తుంది. రెండు వర్షారణ్యపు గడులకి కలిపి ఒకటి. భూగర్భ ఆవిరి పగుళ్లు, పగడపు దిబ్బలు పక్కన ఉంటే ఒక్కోదానికి రెండు. మూడు కొండల మధ్య సందు కనిపిస్తే అక్కడ పొలం వేయొద్దు, క్యాంపస్‌కి వదిలేయండి. వాణిజ్య పేట అయిన కమర్షియల్ హబ్‌కి నది పక్కన రెండు బంగారం అదనం. ఇంద్రకీలాద్రి పక్కన క్యాంపస్, ఏటి ఒడ్డున కమర్షియల్ హబ్ అని గుర్తుపెట్టుకుంటే విజయవాడ వాళ్లు మర్చిపోరు. రికార్డెడ్ హిస్టరీ సివిక్ తర్వాత వచ్చే నేచురల్ ఫిలాసఫీ కార్డు ఈ పక్కగడుల లాభాన్ని రెట్టింపు చేస్తుంది. స్థలం చూసి వేసినవాడికే ఆ రెట్టింపు రుచి తెలుస్తుంది.

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి. టెక్నాలజీలు, సివిక్‌లు పెరిగేకొద్దీ డిస్ట్రిక్ట్ ఖరీదు పెరుగుతుంది. కానీ గడి మీద పునాది వేసిన రోజు ధర అక్కడే ఆగిపోతుంది. కాబట్టి జనాభా అనుమతించగానే (మొదటిది వెంటనే, తర్వాత 4, 7, 10 దగ్గర ఒక్కోటి) పునాది వేసి, మళ్లీ సెట్లర్ పనికి వెళ్లిపోవచ్చు. బంగారం ధర పెరగకముందే అడ్వాన్సు ఇచ్చి రేటు ఖాయం చేసుకున్నట్టే.

ఇక యురేకా. ఒక్కోటి ఆ టెక్నాలజీలో 40 శాతం పని చేసిపెడుతుంది. విస్తరణలు లేని మొదటి ఆటలో 50 శాతం ఉండేది. క్వారీ కడితే మేసన్రీకి, వాణిజ్య మార్గం తెరిస్తే కరెన్సీకి, పచ్చిక బీడు కడితే హార్స్‌బ్యాక్ రైడింగ్‌కి వస్తుంది. సగం చదివి పక్కన పెట్టి, యురేకా వచ్చాక మళ్లీ తీసుకోవడంలో తప్పు లేదు. ఈ అలవాటు ఒక్కటి పట్టుకున్నాకే నేను బావని దాటాను.

ఊళ్లకి నియమించుకునే గవర్నర్లలో మొదట పింగళుడిని తీసుకుంటే ఆ ఊరి సైన్స్, కల్చర్ 15 శాతం పెరుగుతాయి. బడిలో యమాతారాజభానస అని గణాలు బట్టీ పట్టాం కదా, ఆ ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడే ఈయన. తెలుగు పీరియడ్‌లో ఏడిపించినాయన ఇన్నాళ్లకి ఇలా అక్కరకొచ్చాడు.

నేనేం చేశానని నా మీద యుద్ధం?

ఏమీ చేయకపోవడమే కారణం. సైన్యం లేని రాజ్యం కంప్యూటర్‌కి అలుసు. క్లియోపాత్రాకైతే బలమైన సైన్యం ఉన్నవాళ్లంటేనే గౌరవం, బలహీనులంటే చిరాకు. ప్రతి నాయకుడికీ ఇలాంటి ఒక అజెండా ఉంటుంది. కలిసిన రోజే అది చదివి పెట్టుకోండి. అదే టర్న్‌లో 25 బంగారం ఇచ్చి డెలిగేషన్ (రాయబారం) పంపేయండి. ఒకటి రెండు టర్న్‌లు ఆగితే మీ మీద వాడికి ఒక అభిప్రాయం ఏర్పడి, పుచ్చుకోనంటాడు. సరిహద్దు ఊరికి ముగ్గురు ఆర్చర్లు, గోడలు ఉంటే చాలు. గోడలు లేని ఊరికి దూరం నుంచి బాణం వేయడం కూడా చేతకాదు.

మీరే కొట్టాలనుకుంటే ముందు ఆ రాజుని బహిరంగంగా ఖండించండి (డినౌన్స్). ఐదు టర్న్‌లు ఆగితే ఫార్మల్ వార్‌కి దారి దొరుకుతుంది, హఠాత్తుగా మీద పడ్డంత చెడ్డపేరు రాదు. గోడలున్న ఊరి మీదికి గోడలు పగలగొట్టే బ్యాటరింగ్ ర్యామ్ గానీ క్యాటపల్ట్ గానీ లేకుండా వెళ్లొద్దు.

గాంధీ అణుబాంబులు వేస్తాడన్న కథ మీరూ వినే ఉంటారు. 1991 నాటి మొదటి ఆటలో లెక్క తప్పి ఆయన శాంతం కాస్తా పిచ్చి కోపంగా మారిందని చెబుతారు. అలాంటి పొరపాటేదీ జరగలేదని సృష్టికర్త సిడ్ మెయరే 2020లో రాశాడు. ఈ ఆటలో మాత్రం యుద్ధపిపాసులంటే గాంధీకి గిట్టదు. మీరు నెమ్మదిగా ఉంటే ఆయన మంచి పొరుగే.

కష్టపడి వేసిన ఊరు వదిలిపోయింది

అది లాయల్టీ, అంటే ఊరి జనం విధేయత. తొమ్మిది గడుల లోపలున్న అన్ని ఊళ్ల జనం ఒకరినొకరు లాగుతుంటారు. పరాయి పెద్ద ఊళ్ల మధ్యలో మీ చిన్న ఊరు వేస్తే అటు జారిపోతుంది. వెంటనే ఒక గవర్నర్‌ని పంపితే 8 లాయల్టీ వస్తుంది, మాన్యుమెంట్ కొంటే ఇంకొంచెం. అదీ చాలకపోతే ఆ చోటు మీది కాదు.

వరదలో అన్నీ కొట్టుకుపోతున్నాయి

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు సింగ్ నగర్ ఏమైందో చూసిన మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఏటి పల్లపు గడుల మీద డిస్ట్రిక్ట్‌లు వేస్తే మునుగుతాయి, మళ్లీ బాగుచేయడానికి ప్రొడక్షన్ ఖర్చు. అక్కడ పొలాలే వేయండి. వరద పోయాక ఒండ్రు వల్ల కొన్ని గడుల దిగుబడి పెరుగుతుంది, పాడైన పొలాన్ని బిల్డర్ బాగుచేస్తే అతను చేయగల పనుల లెక్క (ఛార్జ్) కూడా తరగదు. బట్రెస్ టెక్నాలజీ తర్వాత డ్యామ్ కట్టుకోవచ్చు. ఈజిప్టు వాళ్లకి మాత్రం వరద వల్ల నష్టమే లేదు.

లెవెల్ పెంచగానే చితక్కొడుతున్నారు

ప్రిన్స్ అనే కష్టస్థాయిలో ఎవరికీ అదనపు సాయం లేదు. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ కంప్యూటర్ తెలివి పెరగదు, దాని జేబులు బరువెక్కుతాయి. అన్నిటికంటే పైదైన డెయిటీలో అది మూడు సెట్లర్లతో మొదలవుతుంది, మీకు ఒక్కడే. కాబట్టి అరవయ్యో టర్న్‌లో స్కోరు చూసి టెన్షన్ పడొద్దు, అక్కడ వెనకబడి ఉండటం మామూలే. చూడాల్సింది మధ్య ఆటలో దూరం తగ్గుతోందా లేదా అని. తగ్గకపోతే మీరు అన్నీ కొంచెం కొంచెం చేస్తున్నారు. సైన్సా, కల్చరా, మతమా, దండయాత్రా అన్నది ఎనభయ్యో టర్న్ లోపు తేల్చుకోండి. మతం మీద ఆశ లేనివాడికి హోలీ సైట్ ఎందుకు?

టర్న్‌కీ టర్న్‌కీ మధ్య టీ తాగి రావచ్చు

ఇది ఆట తప్పు కాదు, ల్యాప్‌టాప్‌దీ మే నెల ఎండదీ. చిన్న మ్యాప్ తీసుకోండి. క్విక్ కంబాట్, క్విక్ మూవ్‌మెంట్ ఆన్ చేయండి. స్ట్రాటజిక్ వ్యూలో బొమ్మ సాదాగా ఉంటుంది కానీ ఫ్యాన్ అరుపు తగ్గుతుంది.

పైవేవీ కాకపోతే

ఆటోసేవ్‌లను నమ్ముకోవద్దు, కొత్తవి వచ్చేకొద్దీ పాతవి పోతాయి. ముప్పయ్యో టర్న్‌లో ఒకసారి, యాభైలో ఒకసారి పేరు పెట్టి సేవ్ చేయండి. ఓడాక మళ్లీ మొదటి నుంచి కాకుండా ఆ సేవ్ తెరిచి, ఒక్కటంటే ఒక్కటే మార్చి ఆడండి. వండర్ బదులు సెట్లర్, లేదా రెండో క్యాంపస్ ముందుగా. నూటయాభై దాకా వెళ్తే ఆ ఒక్క మార్పు ఎంత తేడా తెచ్చిందో కనిపిస్తుంది. బావ ఆ సేవ్‌లకి నారుమడి అని పేరు పెట్టాడు. మొన్న ఆదివారానికి నారుమడి 6 దగ్గర ఉన్నాడు, ఆ ఎడారి ఊరు మాత్రం ఇంకా మార్చలేదు.