ఆస్తమా ఉంటే వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి, ఇన్హేలర్ ఎందుకు మానకూడదు

మూడు నెలలు క్రమం తప్పకుండా పరుగెత్తాను, మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది, ఇక ఇన్హేలర్ ఎందుకులే అని నా అంతట నేనే ఆపేశాను. రెండు వారాలు ఏమీ కాలేదు. మూడో వారం ఒక రాత్రి పిల్లికూతలతో మెలకువ వచ్చి, పడుకోలేక, గోడకి చేరగిలబడి తెల్లవారేదాకా కూర్చున్నాను.

అసలు సంగతేంటంటే, ఆస్తమాలో గాలిగొట్టాల లోపలి పొర ఎప్పుడూ కాస్త వాచి ఉంటుంది, దానికి దుమ్మో పుప్పొడో చల్లగాలో తగిలితే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. సాల్బుటమాల్ లాంటి రిలీవర్ ఆ బిగువుని 5 నిమిషాల్లో వదిలిస్తుంది, 4 నుంచి 6 గంటలు పనిచేస్తుంది, వాపు జోలికి మాత్రం పోదు. వాపు తగ్గించేది బ్యుడెసొనైడ్, ఫ్లూటికసోన్ లాంటి స్టెరాయిడ్ ఇన్హేలర్, దీన్నే కంట్రోలర్ అంటారు. పీల్చిన వెంటనే ఏ తేడా తెలియదు, పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది, అందుకే చాలామంది ముందు దీన్నే మానేస్తారు. స్టెరాయిడ్ అనగానే భయపడతాం గానీ ఇందులో డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది.

వ్యాయామం వల్ల దమ్ము పెరుగుతుంది, అదే పనికి తక్కువ ఊపిరి సరిపోతుంది, బరువు తగ్గితే ఇంకా తేలిక. కానీ అది కంట్రోలర్ మందుకి బదులు కాదు. శ్వాస వ్యాయామాలూ అంతే, కంగారు తగ్గిస్తాయి, మందు చేసే పని అవి చేయవు.

మొదలుపెట్టేటప్పుడు 10, 15 నిమిషాలు నెమ్మదిగా నడిచి ఒళ్లు వేడెక్కించండి, ఒకేసారి ఉరకొద్దు. చివర్లో కూడా ఒక్కసారిగా ఆగకూడదు, ఎందుకంటే వ్యాయామంతో వచ్చే బిగువు చాలామందికి ఆపిన 5, 10 నిమిషాలకి మొదలవుతుంది. వేగంగా నోటితో పీల్చే పొడిగాలి గొట్టాల్లోని తేమని లాగేయడమే దానికి కారణం. చలిలో ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకుంటే తేడా తెలుస్తుంది. డాక్టర్ చెప్పి ఉంటే 10, 15 నిమిషాల ముందు రిలీవర్ తీసుకోండి, జేబులో ఎలాగూ ఉండాలి. పుప్పొడి ఎక్కువున్న రోజు ఇంట్లోనే చేసుకోండి.

ఇన్హేలర్ పీల్చే పద్ధతి దగ్గర మాత్రం తొందరపడకండి, సగం మందు గొంతులోనే ఆగిపోయేది ఇక్కడే. నొక్కే రకమైతే బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా లోతుగా పీలుస్తూ నొక్కి, 10 సెకన్లు బిగబట్టండి. పొడి రకమైతే పీల్చే వేగం దీనికి రివర్స్, గట్టిగా వేగంగా లాగాలి. నేను ఏళ్ల తరబడి నొక్కడం ఒకప్పుడు, పీల్చడం ఒకప్పుడు చేశాను, స్పేసర్ (ఇన్హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టుకున్నాక ఆ టెన్షన్ పోయింది. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత రావచ్చు.

ముక్కు అలర్జీ ఉంటే దాన్నీ వదలొద్దు, అది ముదిరితే ఆస్తమానీ లేపుతుంది. స్టెరాయిడ్ స్ప్రే రోజూ కొట్టాలి, నాసిక మధ్య గోడ వైపు కాకుండా బయటి వైపుకి తిప్పి. సెట్రిజిన్ తుమ్ములకి మంచిదే, కొందరికి నిద్ర వస్తుంది.

వారంలో రెండుసార్ల కంటే ఎక్కువ రిలీవర్ కావాల్సి వచ్చినా, రాత్రి మెలకువ వచ్చినా కంట్రోల్ తప్పినట్టే, డాక్టర్‌కి చెప్పండి. రెండు మూడు నెలలు అంతా బాగుంటే డోసు తగ్గించే మాట వాళ్లతోనే మాట్లాడండి. నాకూ అలాగే తగ్గించారు, పూర్తిగా ఆపలేదు.

రిలీవర్ తీసుకున్నా తగ్గకపోతే, ఒక వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం ఉంటే, పెదవులు నీలంగా మారితే పడుకోకండి, నిటారుగా కూర్చుని, రిలీవర్ పఫ్‌లు ఒక్కొక్కటిగా తీసుకుంటూనే అంబులెన్స్ పిలిపించండి.