రీఫ్ ట్యాంకులో చీడ తీసే ముందు

పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులో, అంటే రీఫ్ ట్యాంకులో, రాయి మీద గోధుమరంగులో, సన్నటి గొట్టంలా ఐప్టేసియా అనే చీడ ఆనిమోన్ ఒకటి లేవడం చూడగానే చెయ్యి ఊరుకోదు. గిల్లి పారేద్దాం అనిపిస్తుంది. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. రాయికి అంటుకుని మిగిలిన పిసరు నుంచి కూడా అది మళ్ళీ పూర్తిగా మొలుస్తుంది. నేను మొదటిసారి పట్టకారుతో లాగేశాను. నెల తిరిగేసరికి అదే రాయి మీద పదకొండు కనిపించాయి.

ఇన్నేళ్ళలో చీడ తినేసి పోయిన ట్యాంకులను నేను చూసింది తక్కువ. చీడను తొందరపడి చంపబోయి పోగొట్టుకున్నవే ఎక్కువ. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ మందు చేతిలోకి తీసుకోకముందు చూసుకోవాల్సినవి.

ముందు అది నిజంగా చీడేనా అని తేల్చుకోండి. లైట్లు ఆర్పి గంటసేపు ఆగి, టార్చికి ఎర్ర జెలటిన్ కాగితం చుట్టి చూడండి. రాత్రిపూట తిరిగే జీవులు చాలావరకు ఎర్ర వెలుతురుకు బెదరవు. ముళ్ళపురుగులు కనబడగానే కంగారుపడతారు గానీ, వాటిలో ఎక్కువ రకాలు మిగిలిన మేత తిని ట్యాంకును శుభ్రం చేసేవే. అవి పెరిగిపోయాయంటే మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. వాటిని ఒట్టి చేత్తో మాత్రం పట్టుకోవద్దు. గుచ్చుకుంటే ఆ ముళ్ళను అంటుకునే టేపుతో లాగెయ్యాలి.

ఇక అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది పాలిథోవా, జోవాంథిడ్ల గురించి. ఇవి రాళ్ళ మీద బొత్తాముల్లా గుంపుగా పెరిగే, పగడాలకు దగ్గరి జీవులు. అందంగా ఉన్నాయని కొంటాం, అవి రాళ్ళన్నీ పాకేస్తాయి, అప్పుడు వదిలించుకోవాలనుకుంటాం. వీటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి శాస్త్రవేత్తలు దాన్ని పాలిథోవా నుంచే వేరుచేశారు, ఆ పేరు అలా వచ్చిందే. ఏది విషం ఉన్నదో, ఏది లేనిదో రంగు చూసి చెప్పలేం. అన్నీ విషమే అనుకుని మెలగాలి.

ఈ విషం వేడికి చావదు. రాయిని మరిగిస్తే శుభ్రమైపోతుందనుకోవడం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. మరిగించినా, వేడినీళ్ళు పోసినా, ఆవిరి పట్టినా, బ్రష్‌తో రుద్దినా ఆ విషం తుంపరలతో గాల్లోకి లేస్తుంది. ఆ గాలి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రాయిని నీళ్ళలో ఉండగానే బకెట్లోకి మార్చి, ఆరుబయట పెట్టి, బ్లీచ్ కలిపి వదిలెయ్యండి. పాలిటాక్సిన్‌ను విరిచే శక్తి బ్లీచ్‌కు ఉంది. అదే బకెట్లో వెనిగర్ పోయకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. చేతులకు నైట్రైల్ గ్లోవ్స్, కళ్ళకు పక్కలు కూడా మూసే అద్దాలు ఉండాలి. పిల్లలూ, పెంపుడు జంతువులూ దగ్గరికి రాకూడదు. నోట్లో చేదుగానో లోహంలానో రుచి తగిలినా, దగ్గు, చలిజ్వరం, ఆయాసం, కండరాల నొప్పి మొదలైనా పని వదిలేసి అందరూ బయటికి వచ్చెయ్యండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి పాలిటాక్సిన్ అనే మాట మీరే చెప్పండి. దానికి విరుగుడు మందు లేదు, లక్షణాలను బట్టి చికిత్స చేస్తారు. చాలామంది డాక్టర్లకు ఇది కొత్త మాట కావచ్చు.

ఎర్ర ఫ్లాట్‌వర్మ్‌ల (బల్లపరుపు పురుగుల) సంగతి ఇంకో రకం. బతికున్నంతకాలం పెద్దగా ఏమీ చెయ్యవు. వేలకొద్దీ ఒక్కసారి చస్తే మాత్రం వాటి ఒంట్లోని విషమంతా నీళ్ళలో కలుస్తుంది. ఒక సాయంత్రం వాటి మందు, సీసా మీద రాసిన మోతాదే వేశాను. అరగంటలో నీళ్ళు పల్చటి నారింజరంగుకు తిరిగాయి, చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. నీళ్ళు మార్చడానికి ఉప్పునీళ్ళు కలిపి పెట్టుకోలేదు. ఆ రాత్రి రెండు చేపలు పోయాయి. మందు తప్పు కాదు, అన్ని పురుగుల్ని అలాగే ఉంచి వెయ్యడం నా తప్పు.

ఇప్పుడైతే ముందు నాలుగైదు రోజులు సన్నటి ఎయిర్ ట్యూబుతో వాటిని పీల్చి తీసేస్తాను, ఆ నీళ్ళు పారబోస్తాను. కనబడేవి బాగా తగ్గాకే మందు. దానికి ముందురోజే ట్యాంకు నీళ్ళలో కనీసం నాలుగో వంతు మార్చడానికి సరిపడా ఉప్పునీళ్ళు, అదే ఉప్పదనం, అదే వేడి ఉండేలా సిద్ధం చేస్తాను. నీళ్ళలోని విషాన్ని పీల్చుకునే కార్బన్ సంచి, కొత్తది, కడిగి పక్కనే పెట్టుకుంటాను. మందు పనిచేసేటప్పుడు, మలినాలను నురగతో తీసే స్కిమ్మర్ ఆపాల్సి వస్తే ఎయిర్ స్టోన్ నడుస్తూనే ఉండాలి. ఇదంతా ఉదయం మొదలుపెట్టండి. రాత్రి పడుకునే ముందు మందు వేసి లైటు తీసెయ్యడం చేపలను దిక్కులేకుండా వదిలెయ్యడమే.

ఐప్టేసియాకు కాల్క్‌వాసర్ ముద్ద బాగా పనిచేస్తుంది. అది శుద్ధమైన సున్నమే, కంట్లో పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పంపులు ఆపి, సిరంజి సూదిని దాని నోటి దగ్గరికి తగలకుండా తీసుకెళ్ళి, మెల్లగా వదలాలి. తగిలిందా, బొరియలోకి ముడుచుకుపోతుంది. ఒక్క పూటలో నాలుగైదుకు మించి చెయ్యకండి, నీళ్ళ పీహెచ్ పెరిగిపోతుంది. పెప్పర్‌మింట్ రొయ్యలు కూడా తింటాయి, బెర్గియా అనే పెంకులేని చిన్న సముద్రపు నత్త అయితే ఐప్టేసియా తప్ప వేరేది ముట్టదు. అందుకే ఐప్టేసియా అయిపోయాక బెర్గియాలను ఇంకొకరికి ఇచ్చెయ్యాలి, లేకపోతే ఆకలితో చస్తాయి.

రాగి మందులు రీఫ్ ట్యాంకులో వద్దే వద్దు. చేపలకు మంచివే గానీ నత్తలకూ, రొయ్యలకూ, పగడాలకూ మృత్యువు. పైగా రాయీ ఇసుకా రాగిని పీల్చి పట్టుకుంటాయి. పగడాల మీది ఎర్ర నల్లులకు వాడే మిల్బెమైసిన్ పీతలనూ రొయ్యలనూ కూడా చంపుతుంది, వాటిని ముందే వేరే ట్యాంకుకు మార్చండి.

చేతి మీద గాయం ఉంటే నీళ్ళలో పెట్టకండి. మైకోబాక్టీరియం మారినం అనే సూక్ష్మజీవి అలాగే ఒంట్లోకి చేరుతుంది, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. నీళ్ళు తీసేముందు హీటర్ ప్లగ్ పీకండి. రాతిలోంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంటే మాంటిస్ రొయ్య ఉందేమో, ఆ బొరియలో వేలు పెట్టకండి.

కొత్తగా తెచ్చిన పగడాన్ని డిప్ చేసినా, అంటే మందునీళ్ళలో ముంచి తీసినా, దాని మీది చీడ గుడ్లు చావవు. మొదలు దగ్గర, అడుగున భూతద్దంతో చూసి, గోధుమరంగు చుక్కల్లా అంటుకుని ఉంటే బ్లేడుతో గీకెయ్యండి. డిప్ నీళ్ళు ట్యాంకులో పొయ్యద్దు. వారానికోసారి డిప్ చేస్తూ ఆరువారాలు విడిగా ఉంచండి. పెద్ద ఎత్తున చీడ చచ్చాక మూడు నాలుగు రోజులు అమ్మోనియా రోజూ పరీక్షించండి, రాళ్ళ సందుల్లో కుళ్ళేది మన కంటికి కనబడదు. వారం తర్వాత మళ్ళీ ఆ ఎర్ర టార్చి తీసి, అవే సందుల్లో ఒకసారి చూడండి.