కథ రాద్దాం, 4వ పాఠం: అర్జీలో కొట్టేసిన మాట

కిందటి పాఠంలో పాత్రకు ఊరూ వృత్తీ ఇచ్చాం. ఇప్పుడు తేదీ ఇద్దాం. ఊరు పర్లాకిమిడి. తేదీ 1936 ఏప్రిల్ 1, బుధవారం. ఒరిస్సా వేరే రాష్ట్రమైన రోజు. ముందురోజు దాకా మద్రాసు రాజధానిలో (అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో) ఉన్న ఊరు ఆ రోజుతో ఒరిస్సాలో కలిసింది. పక్కనున్న పాతపట్నం మాత్రం మద్రాసులోనే ఉండిపోయింది. మన కథానాయకుడు కచేరీ అరుగు మీద తెలుగులో అర్జీలు రాసి బతికే మనిషి.

ముందు వయసు లెక్క వేయండి. అతనికి 40 ఏళ్లనుకుంటే పుట్టింది 1896. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది 1900లో, అప్పటికి నాలుగేళ్లవాడు. కాబట్టి రైలు అతనికి వింత కాదు, ఊరితో పాటే ఉన్న వస్తువు. అదే అరుగు మీద 70 ఏళ్ల ముసలాయన్ని కూర్చోబెడితే, బండి కట్టుకుని వెళ్లిన రోజులు ఆయనకు గుర్తుంటాయి. ఒకే రోజు, ఒకే అరుగు, మనసులు రెండు. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా కథ మొదలుపెట్టకండి. చాలా కథలు దెబ్బతినేది ఇక్కడే.

తర్వాత, ఆ తేదీ అతని చేతిపనిలో ఎక్కడ అడ్డుపడుతుందో వెతకండి. "ఒరిస్సా ఏర్పడింది, అతను కుమిలిపోయాడు" అని రాస్తే బాధ మీది, అతనిది కాదు. ఇలా రాసి చూడండి:

"'గంజాం జిల్లా' అని రాశాడు. దాని పక్కన, చెయ్యి అలవాటు కొద్దీ, 'మద్రాసు రాజధాని' అని పడింది. సిరా ఆరకముందే కొట్టేశాడు. ఎదురుగా గొంతుక్కూర్చున్న ముసలామె, 'ఏటి బాబూ, తప్పు పోయిందేటి?' అంది."

జిల్లా పేరు మారలేదు, దాని పక్క మాటే మారింది. పర్లాకిమిడి అప్పుడూ గంజాంలోనే ఉంది. అందుకే చెయ్యి తడబడింది. అతను విచారపడ్డాడని మనం చెప్పనక్కర్లేదు, కొట్టివేత చెబుతుంది. రేపటి నుంచి తెలుగు అర్జీ రాయించుకునేవాళ్లు ఎందరుంటారన్న బెంగ కూడా ఆ గీతలోనే ఉంది.

ఇక తప్పులు. 1936లో ఎవరి నోటా "శ్రీకాకుళం జిల్లా" అనిపించకండి, ఆ జిల్లా ఏర్పడింది 1950లో. డబ్బు లెక్క అణాల్లో, రూపాయికి 16. నయాపైసలు వచ్చింది 1957లో, అప్పటికి మనవాడికి 61 ఏళ్లు. అన్నిటికంటే చెడ్డ తప్పు, పాత్రకు రేపటి సంగతి ముందే తెలిసిపోవడం. "ఇంకో పదకొండేళ్లలో స్వాతంత్ర్యం వస్తుంది" అన్న ధీమా ఆ అరుగు మీద ఎవరికీ లేదు. అతనికి తెలిసింది ఆ పూట గిరాకీ, ఆ పూట భయం. అంతవరకే రాయండి.

చరిత్రలోని పెద్దల విషయంలో మా మాట ఒక్కటే: వాళ్లను కథ అంచున ఉంచండి. పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి 1936లోనే ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లారు. ఆయన్ని అరుగు మీదికి తెచ్చి మాట్లాడిస్తే కథ ఉపన్యాసమవుతుంది. "పంతులుగారూ వెళిపోనారట" అని ముసలామె చేత ఒక్క ముక్క అనిపించండి. ఊళ్లో ఖాళీ అయిన చోటు ఆ ముక్కతోనే కనబడుతుంది.

ఈ వారం అభ్యాసం: 150 మాటల్లో ఒకే దృశ్యం. చరిత్ర సంగతులు రెండుకు మించకూడదు, తేదీ అంకెల్లో రాయకూడదు. వయసు లెక్క కాగితం పక్కన పెట్టుకుని రాయండి. రాశాక చరిత్ర తెలిపే వాక్యాలు కొట్టేసి చదవండి. అయినా ఆ మనిషి ఏ కాలంవాడో తెలుస్తుంటే దృశ్యం నిలిచినట్టే. తెలియకపోతే కొట్టేసిన వాక్యాలు మళ్లీ చేర్చకండి, అతని చేతిలోని పని మార్చి చూడండి. అదే గంజాం జిల్లాలోని బరంపురం బజారులో కొట్టు నడిపేవాడైతే లెక్కల పుస్తకం ఏ భాషలో రాస్తాడు? అక్కణ్ణుంచి మొదలుపెట్టవచ్చు.