మన ఎంపీ పద్దు – 3వ పాఠం: ఓటు ఎక్కడ దొరుకుతుంది?

కిందటి పాఠంలో లోక్‌సభలో మన ఎంపీ హాజరు లెక్క తీశాం. మంత్రులు ఆ పట్టీలో సంతకం పెట్టక్కర్లేదు, కాబట్టి ఖాళీ కనబడగానే డుమ్మా అనుకోకండి. సంతకం పెట్టినాయన సాయంత్రం దాకా సభలో కూర్చున్నాడనీ కాదు.

ఇవాళ ఓటు. మొదట్లో కాస్త నీరసం వస్తుందండి. లోక్‌సభలో చాలా బిల్లులు మూజువాణీ ఓటుతో తేలిపోతాయి, ఎవరు ఏమన్నారో పేర్లు మిగలవు. సభ్యులెవరైనా పట్టుబట్టి డివిజన్, అంటే ఒక్కొక్కరి ఓటూ లెక్కపెట్టడం, అడిగితేనే పేర్లు పడతాయి. అందుకని రాజ్యాంగ సవరణ బిల్లులతో మొదలుపెట్టండి. మూడింట రెండొంతుల లెక్క తేలాలి గనక వాటికి డివిజన్ తప్పదు.

2019 జనవరి 8 తీసుకోండి. ఆర్థికంగా వెనుకబడినవారికి 10 శాతం రిజర్వేషన్ బిల్లు ఆ రోజే నెగ్గింది: అనుకూలం 323, వ్యతిరేకం 3. లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఆ తేదీ చర్చల ప్రతి దింపుకోండి. ఒకే బిల్లుకు డివిజన్లు చాలా ఉంటాయి, మనకు కావలసింది ఆఖరిది. ఇంటిపేరుతో దొరక్కపోతే రావు, రాజు, బాబు అంటూ చివరి మాట కింద చూడండి.

జాబితా కింద చిన్న అక్షరాల గమనిక వదలొద్దు. సీటు దగ్గరి ఓటు మీట సరిగ్గా పడనివాళ్లు చీటీ మీద ఇచ్చిన ఓట్లు అక్కడుంటాయి. ఓసారి అది చూడకుండానే అమలాపురం గడియార స్తంభం దగ్గర టీ కొట్లో 'మన ఎంపీ ఓటే వెయ్యలేదండి' అనేశాను. పక్కాయన ఫోన్‌లో ఆ గమనిక చూపించాడు. ఆ పూట అందరి టీ డబ్బులూ నావే.

పేరు లేకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అప్పటి మన అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి గారు ఆ రోజు ఓటు వెయ్యలేదు. ఆయన స్పీకర్ కుర్చీలో ఉన్నారు, ఓట్లు సమానమైతేనే స్పీకర్‌కు ఓటు.

పేరు దొరికినా, ఆ ఓటు ఎంపీ సొంత అభిప్రాయమని రాసుకోకండి. పార్టీ విప్ (ఇలాగే ఓటెయ్యాలన్న ఆదేశం) జారీ చేశాక ఎదురు ఓటేసినా, ఓటుకు దూరంగా ఉన్నా 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద పదవికే ఎసరు. నా నోటుబుక్కులో ఓటు పక్కన 'విప్ ఉందా' అని ఒక గడి ఉంటుంది. సగం గళ్లు ఇంకా ఖాళీయే.

ఇంటిపని: కాకినాడ, అమలాపురం, రాజమండ్రి, నరసాపురం, ఏలూరు. ఆ అయిదు చోట్ల అప్పటి ఎంపీలు 2019 జనవరి 8న వేసిన ఓట్లు రాసి తెండి. అలాగే 2019లోనూ 2024లోనూ పోటీ చేసినవాళ్ల ఫారం 26 అఫిడవిట్లు (నామినేషన్‌తో పాటు ఇచ్చే ఆస్తుల వివరాల ప్రమాణపత్రాలు) దింపి ఉంచండి. వచ్చే పాఠంలో కొబ్బరి తోటల, రొయ్యల చెరువుల సర్వే నంబర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం.