దండలకంటే ముందు దస్త్రాలు: సేవా క్లబ్బులో బాధ్యతల అప్పగింత

లయన్స్, రోటరీ క్లబ్బుల ఏడాది జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకార సభకు హాలు, భోజనాలు, ముఖ్య అతిథి ఖాయమైతే ఏర్పాట్లు అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది. అసలు అప్పగింత మాత్రం ప్రమాణ స్వీకారానికి పది రోజుల ముందే, ఆరుగురు కూర్చునే బల్ల దగ్గర జరగాలి: పాత, కొత్త అధ్యక్షులు, కార్యదర్శులు, కోశాధికారులు. మూడు గంటలు కేటాయించండి. ఆదివారం పొద్దున పెట్టుకోండి. పత్తి గింజలు పెట్టే రోజులు కాబట్టి విత్తనాలు, ఎరువుల దుకాణాలున్న సభ్యులకు మిగతా రోజుల్లో ఊపిరి సలపదు.

ముందు డబ్బు తేల్చండి. పాస్‌బుక్‌లో ఉన్న నిల్వ, క్యాష్‌బుక్‌లో ఉన్న నిల్వ పక్కపక్కన రాయండి. తేడా వస్తే మూడు చోట్ల వెతకండి: ఇచ్చినా ఇంకా మారని చెక్కులు, బ్యాంకు కోసుకున్న ఛార్జీలు, కోశాధికారి సొంత యూపీఐకి వచ్చిన చందాలు. మూడోదాన్ని అక్కడే తేల్చి క్లబ్బు ఖాతాలో వేయించాలి; నెల గడిస్తే ఎవరి డబ్బు ఎంతో ఎవరికీ గుర్తుండదు. రసీదు పుస్తకాలు, వాడినవీ ఖాళీవీ, నంబర్లు చూసి తీసుకోండి.

బ్యాంకులో సంతకాలు మార్చడానికి తీర్మానం నకలు, కొత్తవాళ్ల ఆధార్, పాన్, ఫొటోలు సిద్ధం చేసుకోండి. తీర్మానంలో పాత సంతకాలు ఏ తేదీ వరకు చెల్లుతాయో రాయకపోతే మధ్యలో చెల్లింపులు ఆగిపోతాయి. అలాగని సంతకం చేసిన ఖాళీ చెక్కులు మాత్రం తీసుకోవద్దు. బ్యాంకు ఓటీపీ, ఆదాయపు పన్ను పోర్టల్ ఎవరి ఫోన్‌కు ముడిపడి ఉన్నాయో అడగండి. చాలా క్లబ్బులు చిక్కుకునేది ఇక్కడే. 2001 సొసైటీల చట్టం కింద నమోదైన క్లబ్బయితే, సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి.

సామాన్లను కాగితం మీద కాదు, కళ్లారా చూసి తీసుకోండి. వీల్‌చైర్లు ఎన్ని, ఎవరింట్లో ఉన్నాయి? మృతదేహాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సును గంటసేపు ఆన్‌చేసి చల్లబడుతోందో లేదో చూడండి. దుఃఖంలో ఉన్న ఇంటికి పాడైన పెట్టె పంపడం కంటే పెద్ద తప్పు లేదు.

పాతవాళ్లు ఇచ్చిన మాటలూ రాసుకోండి. కంటి శిబిరంలో పరీక్షలైపోయి శుక్లాల ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నిటికంటే ముఖ్యం. కార్యవర్గం మారిందని వాళ్లకెవరూ చెప్పరు. మేడారం జాతర రెండేళ్లకోసారి. 2026 తర్వాతది 2028లో, అంటే 2027-28 కార్యవర్గం మీద పడుతుంది. అక్కడ మంచినీళ్లు, వైద్య శిబిరం పెట్టే క్లబ్బు నిల్వలో కొంత ముందు ఏడాదే పక్కన పెట్టాలి.

సభ గంటన్నర దాటనివ్వొద్దు. ఆరున్నర అని కార్డులో వేస్తే ఆరున్నరకే మొదలుపెట్టండి. కార్యదర్శి నివేదిక 10 నిమిషాలు, ప్రమాణం 15, కొత్త అధ్యక్షుడి మాట 10, అతిథి ప్రసంగం 20. శాలువాలే సమయం తినేస్తాయి. వాటిని అతిథికి, పాత కార్యవర్గానికి పరిమితం చేయండి. అతిథి ఆలస్యమైతే నివేదికతో మొదలుపెట్టి, ప్రమాణం ఆయన వచ్చాక చేయించండి. వాన రోజులు కాబట్టి భోజనాలు ఆరుబయట వద్దు, మైకుకు జనరేటర్ ఉందో లేదో ముందే అడగండి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గనుక హాలు తేలిగ్గా దొరుకుతుంది. ఆ నెలలో పదవి తీసుకోవడానికి వెనకాడే సభ్యులుంటే ముందే మాట్లాడి తేదీ పెట్టండి.

ఫ్రీజర్ బాక్సు మీద, బోర్డు మీద రాసిన ఫోన్ నంబర్‌ను సభ జరిగిన రోజే మార్చండి. అర్ధరాత్రి ఫోన్ చేసేవాళ్లకు ఎత్తే మనిషి దొరకాలి.